ముక్కు మీద ముప్పై ఒకటి

మా ఆయన రవికిరణ్ పోయిన ఐదు నెలలకు, జూలైలో, దినేష్ ఫోన్ చేసి విమానం అడిగాడు.

దినేష్ ఆఫీసులో మా ఆయన కింద పనిచేసేవాడు. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటున్నాడు. కడప కుర్రాడు. మా ఆయన్ని అన్నా అనేవాడు కాబట్టి నన్ను వదినా అంటాడు.

"వదినా, బాగుండారా? ఒక మాట అడగల్ల. ఎట్ల అడగాలో తెలీక నాలుగు రోజుల్నుంచి ఫోన్ చేతిలో పట్టుకోని కూచున్నా."

"అడుగు దినేష్."

"అన్న ఫిబ్రవరిలో ఇంటికి తెచ్చిన విమానం మీ దగ్గరే ఉందా? మేం మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మారుతున్నాం. కొత్త గదిలో దానికని ఒక అర పెట్టించినాం. తొందరేం లేదు వదినా."

విమానం నా దగ్గరే ఉంది. మాట్లాడుతున్నంత సేపూ నా ఎదురుగా, భోజనాల బల్ల మీదే ఉంది.

"చూడాలి. సామాన్లన్నీ అటక మీద సర్దేశాం. మా నీళ్ల పైపు కూడా కారింది. పిల్లల పరీక్షలయ్యాక వెతికి ఇస్తాను" అన్నాను.

ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అబద్ధం చెప్పే పిల్లలు అడగని కారణాలు కూడా చెబుతారు. ఆ పైపు సంగతి దినేష్ నన్ను అడగలేదు.

*

అది బడిలో వాడే స్కేలు బద్దంత పొడవుండే ప్లాస్టిక్ విమానం. ఎఫ్-5 అనే యుద్ధ విమానానికి నమూనా. పెట్టెలో ముక్కలుగా వస్తుంది. అతికించి, గరుకు కాగితంతో రుద్ది, రంగులు వేసుకోవాలి. మా ఆయనకు అదే కాలక్షేపం. ఇంట్లో పదకొండు విమానాలున్నాయి. ఇది ఒక్కటే ఆఫీసుకు వెళ్లింది.

దాని రంగులు వేరు. ఏ దేశపు వైమానిక దళమైనా తన పైలట్లకు తర్ఫీదు ఇవ్వాలంటే ఒక శత్రువు కావాలి. నిజమైన శత్రువు తర్ఫీదుకు రాడు. అందుకని సొంత విమానాలకే కొన్నింటికి శత్రువుల తరహాలో బూడిద, నీలం మచ్చలు వేసి, తోక మీద ఎర్ర నక్షత్రం, ముక్కు మీద పెద్ద ఎర్ర అంకె పెడతారు. వాటిని నడిపేవాళ్లు శత్రువులా ఆలోచించి, శత్రువులా తిరిగి, తమ వాళ్లనే ఓడిస్తారు. ఇక్కడ ఓడినవాడు అక్కడ ఓడకూడదని.

మా ఆయన ఉద్యోగమూ అదే. కంపెనీలు తమ కంప్యూటర్ల మీద తామే దాడి చేయించుకుంటాయి. అడిగి మరీ చేయించుకుంటాయి. ఆ దాడి చేసే ఎనిమిది మంది జట్టుకు ఆయన పెద్ద. దొంగ ఉత్తరం పంపి, దొంగ పేరు చెప్పి, ఒక్కోసారి మెడలో దొంగ గుర్తింపు కార్డు వేసుకుని మనుషులు కూడా లోపలికి వెళతారు. వెళ్లాక ఎలా వెళ్లారో రాసి ఇస్తారు. అందుకే ఆ జట్టుకు ఈ విమానం కానుకగా చేసిచ్చాడు.

ఇంట్లోనూ ఆ బుద్ధి పోయేది కాదు. బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉందంటే ముందు రోజు సాయంత్రం నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

"ఏం టీచరమ్మా, మావాడికి నాలుగు మార్కులు వేయడానికి మీకు చేతులు రాలేదా?"

"వాడు రాయలేదండీ."

"రాయకపోతే రాయించాలి. ఫీజు కట్టేది దేనికి? ఏసీ కోసమా?"

"మా బడిలో ఏసీ లేదండీ."

"అదీ అడుగుదామనే వచ్చాను."

నాకు కోపం వచ్చేది. వచ్చిన క్షణం బల్ల మీద తట్టేవాడు. "పోయావు. మళ్లీ మొదట్నుంచి."

ఆయన పోయాక అలాంటి సమావేశాలు రెండు జరిగాయి. ఏ తండ్రీ ఆయనంత గట్టిగా మాట్లాడలేదు. నేను రెండుసార్లూ తడబడ్డాను.

*

మేమిద్దరం దాచుకున్న సంగతి ఒకటుంది. ఆయన చేతులు వణికేవి. ముప్పై ఏళ్ల వయసులోనే మొదలైందట. మామగారికీ అంతే. పెద్ద జబ్బేమీ కాదు. రంగు చిమ్మే గన్ను పట్టుకుంటే చెయ్యంతా ఒకే ఊపులో కదిలేది, ఇబ్బంది లేదు. డెకాల్స్ దగ్గరే వచ్చేది చిక్కు.

విమానం మీద అంకెలూ నక్షత్రాలూ కుంచెతో వేయరు. పల్చటి పొర మీద అచ్చువేసి కాగితానికి అంటించి ఉంటాయి. కావలసింది కత్తిరించి నీళ్లలో ముంచితే అరనిమిషంలో పొర కాగితాన్ని వదులుతుంది. తడి ఆరేలోగా దాన్ని కుంచె కొనతో జరిపి తన చోట కూర్చోబెట్టాలి. ఉల్లిపొర కంటే పల్చన. చెయ్యి వణికితే మడత పడుతుంది, చిరుగుతుంది, లేదా వాలిపోతుంది.

ఆఫీసు విమానానికి మొదట ఎడమవైపు ముక్కు మీద 31 ఆయనే అతికించాడు. అది కొద్దిగా వాలింది. ఒకటి అంకె ముందుకు తూలుతున్నట్టు. నేను పక్కనే పేపర్లు దిద్దుకుంటున్నాను.

"ఇటివ్వండి, తడిగా ఉండగానే సరిచేస్తాను."

"ఉండనీ జయంతీ."

"వంకరగా ఉందండీ."

"శత్రువు కదా, తిన్నగా ఎందుకుంటాడు? మిగతావి నువ్వు చెయ్యి."

అలా మిగతావన్నీ నేను చేశాను. ఆ తర్వాత ఆయన డెకాల్ ముట్టుకోలేదు. నాకూ అలవాటైంది. ఎర్ర సిరా పెన్నుకు అలవాటైన చెయ్యి కుదురుగానే ఉండేది.

జట్టులో ఒక ఆనవాయితీ పెట్టాడు. పైలట్ కూర్చునే అద్దం కింద, కుడివైపు, జట్టులోకి కొత్తగా వచ్చిన మనిషి పేరు ఉంటుంది. ఇంకో కొత్త మనిషి వచ్చినప్పుడు పాత పేరు తడి దూదితో తీసేసి కొత్తది పెట్టాలి. ఎడమవైపు మీ పేరు పెడతానని నేనంటే వద్దన్నాడు. విమానం ఇంటికి వచ్చేది, నేను పేరు అతికించేదాన్ని, సోమవారం ఆఫీసుకు తీసుకెళ్లేవాడు. ఉదయ్ భాస్కర్ అని ఒకబ్బాయి చేరినప్పుడు పేరు రెక్క దాకా వచ్చింది. "ఇకమీదట మూడక్షరాలకు మించిన వాళ్లకు ఉద్యోగం లేదు" అన్నాడు. ఆ సాయంత్రం చాలాసేపు నవ్వుకున్నాం.

ఫిబ్రవరిలో నవ్య అనే అమ్మాయి చేరింది. విమానం ఇంటికి తెచ్చాడు. అంతకు ముందు, ఆయనకు రెండో మనిషిగా వచ్చి చేరిన దినేష్ పేరు నేను దూదితో తీసేశాను. కొత్త పేరు ఇంకా అచ్చుకు ఇవ్వాలి. గురువారం ఉదయం ఆయన స్నానాల గదిలో పడిపోయాడు. గుండె అన్నారు.

విమానం కుడివైపు పేరు లేకుండా బల్ల మీద ఉండిపోయింది.

*

దినేష్ ఫోన్ చేసిన ఆదివారమే అటక ఎక్కాను. ఆయన ఏ పెట్టె కొన్నా రెండు కొనేవాడు, ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలని. రెండో ఎఫ్-5 పెట్టె అక్కడ ఉంది. సీలు కూడా తీయలేదు.

నేను అనుకున్నది ఇది. రెండోది చేస్తాను. అచ్చం మొదటిదానిలా. దాన్ని వాళ్లకు ఇస్తాను. మొదటిది నా దగ్గర ఉంటుంది.

పరీక్ష హాల్లో ఎన్నిసార్లు పిల్లల చేతుల్లోంచి కాగితాలు లాక్కున్నానో లెక్కలేదు. ఆ మాట నాకు గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చినా పెట్టె విప్పాను.

ముక్కలు అతికించడం చూసి నేర్చుకున్నదే. ఏ రంగులో ఏది ఎన్ని చుక్కలు కలపాలో ఆయన నోటు పుస్తకంలో ఉంది. మొదటి రంగు కారిపోయింది, కడిగేశాను. రెండోసారి మచ్చల అంచులు మొద్దుగా వచ్చాయి. మూడోసారికి పర్వాలేదు. బడి నుంచి నాలుగున్నరకు వస్తాను. వెలుతురు పోయేలోపు గంటన్నర. ఆ గంటన్నర కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ నెలల్లో నేను బాగున్నాను. ఆయన కుర్చీ నా ఎదురుగా ఉండేది. రంగు చిక్కనైతే పల్చన చెయ్యమనీ, తొందరపడితే ఆగమనీ నాకు నేనే చెప్పుకునేదాన్ని, ఆయన చెప్పినట్టుగా. ఆ మాటలు వినబడేవి అనను. వినబడాలని అనుకునేదాన్ని.

పెట్టెలో వచ్చిన డెకాల్స్ మాత్రం చెమ్మకు పసుపెక్కాయి. ఒక నక్షత్రం కత్తిరించి నీళ్లలో వేస్తే ఏడు ముక్కలైంది. మా బడికి జ్ఞాపికలు చేసిచ్చే ఆయన్ని అడిగితే బాలానగర్‌లో రాజయ్య అనే స్క్రీన్ ప్రింటింగ్ ఆయన చిరునామా ఇచ్చాడు.

రాజయ్యకు అరవై దాటి ఉంటాయి. మిషన్ల మీద అతికించే పలకలూ, కప్పుల మీద వేసే పూలూ అచ్చువేస్తాడు. నేను పసుపెక్కిన కాగితాన్ని, మొదటి విమానానికి తీసిన ఫొటోలను ముందు పెట్టాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

"ఏంది మేడం గిది? ఇంత చిన్న చుక్కలా?"

"అవునండీ. నీళ్లలో వేస్తే ఊడివచ్చేలా ఉండాలి."

"గది నాకు చెప్తున్నరా? ఫ్యాన్ల కంపెనీల పద్దెనిమిదేండ్లు చేసిన. మోటరు మీద కంపెనీ పేరు గిట్లనే అతికిస్తుంటిమి, రోజుకు నాలుగొందలు. నీళ్లు, వేలు, గంతే." వేలు చూపించాడు. "మీరు ఏం చేస్తరు వీటితోని?"

"విమానం మీద పెట్టడానికి."

"మిలిటరీదా?"

"బొమ్మదండీ."

"ఎవలకు, పిల్లలకా?"

"మా ఆయన చేసిన దానికి జతగా."

ఆయన నా మెడ వంక, నుదుటి వంక చూసి, చూపు మళ్లీ కాగితం మీదికి దించుకున్నాడు. "తెలుపు ముంగట కొట్టాలె. దాని మీద పసుపు. దాని మీద ఎరుపు. మూడు స్క్రీన్లు. ఒకదాని మీద ఒకటి వెంట్రుకంత కూడ జరగొద్దు. జర టైం పడ్తది, ఫికర్ చెయ్యకుండ్రి. గీ పేరేంది?"

"నవ్య. అది కూడా వేయండి. తెల్ల అక్షరాలు."

పదిహేను రోజులకు ఇచ్చాడు. అంత శుభ్రమైన అంచులు పెట్టెలో వచ్చిన వాటికి కూడా లేవు.

అతికించడానికి మూడు ఆదివారాలు పట్టింది. స్కేలుతో మొదటి విమానం కొలతలు తీసి రాసుకున్నాను. తోక నుంచి నక్షత్రం ఎంత, రెక్క అంచు నుంచి గీత ఎంత. ఎడమవైపు ముక్కు అన్నిటికంటే చివర పెట్టుకున్నాను. 31 నీళ్లలోంచి తీసి ముక్కు మీద జార్చాను. ఒకటి అంకెను ఎంత వాల్చాలో కొలిచి రాసుకున్నదే. కుంచె కొన ఆనించాను. అది తిన్నగా కూర్చుంది. పొర కింద తడి ఇంకా ఉంది, కావాలంటే వాల్చవచ్చు.

వాల్చలేదు. రెండేళ్ల కింద నేను అడిగింది ఇదే, అప్పుడు వద్దన్న మనిషి ఉన్నాడు. కుంచె పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎదుటి కుర్చీలోంచి ఏమీ రాలేదు. తడి ఆరిపోయింది.

ఇంత చిన్న తేడా ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నాను. పైన వార్నిష్ రెండు పూతలు వేశాను.

*

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం దినేష్, నవ్య పుప్పాలగూడలోని మా ఫ్లాటుకు వచ్చారు. మొదటి విమానాన్ని పడకగదిలో బీరువా మీద పెట్టి తలుపు దగ్గరగా వేశాను. రెండోది బల్ల మీద ఉంది.

నవ్యను చూడడం అదే మొదటిసారి. సన్నగా ఉంది. భుజాన పెద్ద బ్యాగు. కుర్చీ అంచు మీద కూర్చుంది.

"టీ పెడతాను" అన్నాను.

"వద్దులే వదినా, ఎందుకు శ్రమ."

"అన్నా, నాకు కావాలె. లిఫ్టు లేకపాయె, అయిదంతస్తులు ఎక్కిన" అంది నవ్య.

"అమ్మాయికి మొహమాటం లేదు వదినా. అన్న సెలెక్ట్ చేసిందే దానికి. ఇంటర్వ్యూకు వచ్చి, రిసెప్షన్‌లో పాస్ లేకుండానే లోపలికొచ్చేసింది."

"పాస్ అడగలే అన్నా వాళ్లు. అడిగితే ఇస్తుంటి."

నేను టీ తెచ్చేసరికి నవ్య బల్ల పక్కన వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, కుడివైపు తన పేరు చూసుకుంటోంది. ఫొటో తీయడానికి ఫోన్ బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టుకుంది.

"చానా బాగుంది వదినా" అన్నాడు దినేష్. విమానాన్ని రెండు చేతులతో ఎత్తాడు. ఎత్తగానే అతని కుడిచేతి చూపుడువేలు తనంతట తానే ముక్కు దగ్గరికి వెళ్లింది. ఎడమవైపు, అంకె మీదికి. అక్కడ ఆగింది. వేలు కొద్దిగా వెనక్కి తీసి మళ్లీ పెట్టాడు. తర్వాత బాల్కనీ వెలుతురుకు తిప్పి చూశాడు.

ఎక్కువసేపు కాదు. టీ చల్లారేంత కూడా కాదు.

"సరే వదినా, మేం తీసుకుపోతాం. దారిలో కుదుపుకు దెబ్బ తినకుండా డబ్బా తెచ్చినాం."

తప్పు కళ్లబడ్డా చూడనట్టు పేజీ తిప్పే చెయ్యి ఎలా కదులుతుందో నాకు తెలుసు. నేనూ తిప్పాను, కొందరు పిల్లల విషయంలో.

"అన్నా, ఆగు. నేనొకసారి ముట్టుకుంట" అంది నవ్య. "అందరూ ముట్టుకుంటరంట గదా. వంకర అంకె ఇదేనా?" వేలు పెట్టి చూసి తల వంచింది. "ఇది సీదాగనే ఉంది కదా?"

"వెలుతురుకు అట్ల కనపడ్తాది."

"వెలుతురుకు అంకె సీదా ఎట్లయితది అన్నా?"

"నువ్వు టీ తాగు."

"తాగిన."

"ఇంకో కప్పు తాగు."

నేను కుర్చీలో కూర్చున్నాను. "ఎందుకు ముట్టుకుంటారు?" అని నవ్యను అడిగాను.

ఆ అమ్మాయి దినేష్ వంక చూసింది. అతను నేల వంక చూస్తున్నాడు. "నేను చూడలేదు మేడం, చెప్పిండ్రు. ఏదన్నా పెద్ద పని మొదలుపెట్టే ముంగట అందరు వచ్చి ఆ వంకర అంకె మీద వేలు పెట్టి పోతరంట. ఫస్టు ఎవరు పెట్టిండ్రో ఎవరికీ తెల్వదు. ఇప్పుడు విమానం లేదు కదా, ఉదయ్ అయితే ఖాళీ అర మీద వేలు పెట్టి పోతడు. మేం నవ్వుతం. నవ్వి మేం గూడ పెడ్తం."

మొదటి విమానం ముక్కు మీద ఆ అంకె చుట్టూ మాత్రం నునుపు తేలి మెరుస్తుంది. మిగతా ఒళ్లంతా మసకగా ఉన్నా అక్కడ మెరుపు. దుమ్ము తుడిచినప్పుడల్లా చూశాను. ఆయన చేతి రాపిడి అనుకున్నాను. తొమ్మిది నెలలుగా అలాగే అనుకుంటూ, అక్కడ గుడ్డ గట్టిగా తగలకుండా చూసుకున్నాను.

అది ఎనిమిది మంది వేళ్లది. నాకు తెలియని చోట, నాకు తెలియని ఉదయాల్లో. నాకు ఈర్ష్య కలిగింది. కలిగిందని రాయడానికి ఇబ్బందిగా ఉంది, కానీ కలిగింది.

లేచి పడకగదిలోకి వెళ్లి బీరువా మీద నుంచి దాన్ని తెచ్చి, రెండోదాని పక్కన పెట్టాను.

నవ్య "అరే" అంది. ఒకదాన్నీ ఇంకొకదాన్నీ చూసి, "ఇది మీరు చేసిండ్రా మేడం?" అంది. ఆ గొంతులో తప్పుపట్టడం లేదు. పనివాళ్లు పనిని చూసే చూపు.

"వదినా, వద్దు" అన్నాడు దినేష్. "అది మీ దగ్గరే ఉండనీండి. మాకిది చాలు. నిజంగానే చెప్తాండా."

"మీ వాళ్లకు ఏం చెబుతావు?"

"ఏం చెప్పను. మా పనిలో లోపలికి దూరినోడు చివర్న రిపోర్టు రాయల్ల, ఎట్ల దూరినాడో. దీనికి రాయను."

"వాళ్ల వేళ్లకు తెలియదా?"

దినేష్ తన వేలి కొన చూసుకున్నాడు.

"నేను ఒక్క అబద్ధం ఆడితే నాలుగు నెలల పని పట్టింది దినేష్. నువ్వు నా కోసం రోజూ ఆడాలి. నాకు జాలి మార్కులు వద్దు."

"జాలి కాదు వదినా. మేమందరం అనుకున్నాం, మీరు ఇవ్వకపోయినా అడగకూడదని. నేనే ఆగలేక ఫోన్ చేసినా."

మొదటి విమానాన్ని నా వైపు లాక్కున్నాను. కుడివైపు అద్దం కింద ఖాళీ. సొరుగులోంచి రాజయ్య అచ్చువేసిన కాగితం తీశాను. దానిలో నవ్య పేరు అచ్చులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఒకటి కత్తిరించాను. గిన్నెలో నీళ్లు, దూది, కుంచె పెట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, వాళ్ల ముందు నేను ఈ పని ఎన్నడూ చేయలేదని. పేర్లు ఆయనే అతికిస్తాడని వాళ్లనుకోవాలని ఆయనకు ఉండేది. చెయ్యి ఆగింది.

దినేష్ కనిపెట్టాడు. "మాకు తెలుసు వదినా. అన్న కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకునేటోడు. మీటింగుల్లో పెన్ను తీసేటోడు కాదు. అట్లాంటి చేతుల్తో ఇంత చిన్న అక్షరాలు యాడ కుదుర్తాయి? ఎవరో చేస్తాండారు అనుకున్నాం. అడగలేదు."

"ఎవ్వరూ అడగలేదా?"

"అన్నకు ఇష్టం లేదని తెలుస్తానే ఉండె కదా."

రెండేళ్లు మేమిద్దరం వాళ్ల నుంచి దాచాం. వాళ్లు ఎనిమిది మంది మా నుంచి దాచారు. ఈ సంగతి చెప్పుకోవడానికి ఉండవలసిన మనిషికే ఇది తెలియకుండా పోయింది.

కాగితం ముక్కను నీళ్లలో ముంచాను. నవ్య బల్లకు ఆనుకుని ముందుకు వంగింది. అరనిమిషం. తీసి దూది మీద పెట్టాను. పొర వదిలింది. ఖాళీ మీద తడి చుక్క వేసి, పేరును దాని మీదికి జార్చాను. కుంచె కొనతో కొద్దిగా వెనక్కి. కొద్దిగా పైకి. దూదితో అద్దాను.

"ఊపిరి పీల్చుకోవచ్చమ్మా" అన్నాను.

నవ్య గట్టిగా ఊపిరి వదిలింది. "నా కంటే ముంగట ఎవరిది ఉండె?"

"నాదే" అన్నాడు దినేష్. "వదిన దూదితో తుడిచేసినారు. గుర్తు కూడా మిగల్లేదు."

"మిగలకూడదు కదా" అన్నాను. "రేపు సాయంత్రం దాకా వేలు పెట్టకండి. తర్వాత ఎవరైనా కొత్తవాళ్లు వస్తే ఇక్కడికి తీసుకురండి."

"తెస్తాం. సార్ లెక్క మూడక్షరాల రూల్ పెడ్తరా మీరు గూడ?" అంది నవ్య.

ఆ సంగతి ఆఫీసులోనూ చెప్పాడన్నమాట.

దినేష్ డబ్బాలో నురగ మధ్య విమానాన్ని పెట్టాడు. మూత వేసే ముందు, ఎడమవైపు నా వైపు ఉండేలా డబ్బా తిప్పి, పట్టుకుని నిలబడ్డాడు. నేను అంకె మీద వేలు పెట్టాను. నునుపుగా ఉంది. ఒకటి అంకె అడుగున పొర అంచు సన్నగా తగిలింది. ఆయన చెయ్యి వణికిన చోటు అదే అయి ఉంటుంది. వేలు తీశాను. మూత వేశాడు.

*

వాళ్లు వెళ్లాక కప్పులు కడిగాను. రెండో విమానం బల్ల మీద ఉంది. మధ్యాహ్నపు ఎండ ఇంకా బాల్కనీలోనే ఉంది.

దూది తడిపి ఎడమవైపు 31 మీద పెట్టాను. పేర్లు తీసేటప్పుడు రెండు నిమిషాలు పట్టిస్తే పొర మెత్తబడుతుంది. ఐదు నిమిషాలు ఉంచాను. కుంచె కొనతో ఒకటి అంకెను ముందుకు తోశాను. కదల్లేదు. పేర్ల మీద వార్నిష్ వేయం, ఎప్పుడైనా మార్చాలి కాబట్టి. దీని మీద నేనే రెండు పూతలు వేశాను. మళ్లీ తడిపి, మళ్లీ తోశాను. గట్టిగా తోస్తే చిరుగుతుంది, వాలదు.

ఎదుటి కుర్చీ కొద్దిగా వెనక్కి జరిగి ఉంది, నవ్య లేచినప్పుడు జరిపినట్టే. సర్దలేదు. దూది ఆరిపోతే మళ్లీ ముంచాను. ఇప్పుడు ఆయన ఇక్కడ ఉంటే "ఉండనీ జయంతీ" అనేవాడని నాకు తెలుసు. అది ఆయన అంటుంటే వినాలని ఉంది.